కొత్తింటికి తరుగు సున్నా అనే ఖర్చు పద్ధతి గారికి

అయ్యా,

కోనసీమ నుంచి నమస్కారాలు. ఇంటికి విలువ కట్టమంటే మీరు స్థలం విలువకి, అదే ఇల్లు ఇప్పుడు కడితే అయ్యే ఖర్చు కలిపి, తరుగు, అంటే ఇంటి విలువలో తగ్గినంత, తీసేస్తారు. మీ లెక్క ఇంతే. ఇంటి ఆయుష్షు 60 ఏళ్ళు, చివరికి 10 శాతం మిగులుతుందనుకుంటే ఏటా తరుగు ఒకటిన్నర శాతం. కొత్తింటికి అదీ ఉండదు కాబట్టి బ్యాంకు వాల్యుయర్లు మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు. పెట్టుకోనివ్వండి. అమ్ముడైన ఇళ్ళ ధరలతో పోల్చి చూడటానికి మా పల్లెల్లో ఇళ్ళు అమ్ముడైతే కదా!

కానీ చదరపు అడుగుకి ఇంత అని మీరు పైన లెక్కేస్తారు, మా డబ్బేమో కిందే అయిపోతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక మా చేలకి నీళ్ళ కరువు తీరింది. పునాది గుంటలకీ తీరింది. మోటారు పెట్టి తోడుతూనే కాంక్రీటు పొయ్యాలి. నల్లమట్టి వానలకి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిస్తుంది కాబట్టి పైల్స్, అంటే లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు, వెయ్యాలి. చేను మెరక చెయ్యడానికి ఎన్ని ట్రాక్టర్ల మట్టి తోలామో దేవుడికెరుక. ఇదంతా పూడ్చేశాక మీ తరఫు మనిషి టేపు పట్టుకుని దిగుతాడు. కనపడనిది లేనట్టే.

పైన మాత్రం మీది మహా ఉదారమైన చెయ్యి. మా ఊరి చివర కాలవ గట్టున మూడంతస్తుల మేడ లేచింది. ఇటాలియన్ మార్బుల్, లిఫ్టు, హోమ్ థియేటర్. పిల్లలు విదేశాల్లో, ఉండేది మోకాళ్ళ నొప్పులతో ముసలాళ్ళిద్దరు, అదీ కింది గదిలో. పక్కనే రొయ్యల చెరువు. దాన్ని ఎండగట్టిన రోజుల్లో కిటికీ తియ్యలేరు. మీరేమో పెట్టిన ప్రతి రూపాయీ ఉంచి, తరుగు సున్నా అన్నారు!

తరుగు మూడు రకాలని చెప్పింది మీరే కదండీ: అరుగుదల, ఇంటి తీరులో లోపం, చుట్టుపక్కల వల్ల నష్టం. మొదటిది ఏళ్ళు గడిస్తేగానీ రాదు. మిగతా రెండూ పాలు పొంగించే రోజుకే ఇంట్లో తిష్ఠవేసి ఉంటాయి. సున్నా చుట్టేముందు ఆ డాబా ఎక్కి ఒక్కసారి గాలి పీల్చాల్సింది.

ఇలాంటిదే మరొకటి కట్టుకుంటే అయ్యేదానికి మించి ఎవరూ ఇవ్వరన్నది మీ మూలసూత్రం. అంటే మీరు చెప్పేది పై హద్దు. మా వాళ్ళకి మాత్రం అది "అంతా వస్తుంది" అని వినపడుతుంది. మేడ గలాయన మీ రిపోర్టు లామినేషన్ చేయించి, బేరానికొచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు. వాళ్ళు కాఫీ తాగి, మార్బుల్ మెచ్చుకుని, "ఆయ్, కబురు చేస్తామండి" అని బండెక్కుతున్నారు.

ఇట్లు,
పక్క వీధి పెంకుటింటాయన