ఇన్‌కమింగ్ కాల్ ఖరీదు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం నడిచి వెళ్లగలిగేంత దూరం. రోమింగ్ ఛార్జీల కాలంలో ఆ కాస్త దూరం మా జేబుకు బరువుగా ఉండేది. సరిహద్దు దాటగానే ఫోనుకు స్వాగత సందేశం వచ్చేది. స్వాగతం అంటే మీటరు తిరగడం మొదలైందని అర్థం. ఆ మాటకొస్తే దాటనక్కర కూడా లేదు. మా మేడ మీద ఉత్తరం వైపు నిలబడితే ఒడిశా టవరు అందేది, దక్షిణపు పిట్టగోడ దగ్గరికి వెళితే ఆంధ్ర టవరు అందేది. ఆ పిట్టగోడకు ఆనుకుని మాట్లాడినందుకు ఒకసారి నా బ్యాలెన్సు కరిగిపోయింది. ఫిర్యాదు చేస్తే, ఆ సమయంలో మీరు ప్రయాణంలో ఉన్నారని జవాబు వచ్చింది. ఇంట్లో ఉండి ప్రయాణం చేసిన ఘనత సరిహద్దు జిల్లాల వారికే దక్కింది.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి సంస్థానాన్ని చీల్చిన గీతే తర్వాత టెలిఫోను వారికీ గీత అయింది. మా ల్యాండ్‌లైన్ కోడ్ 06తో మొదలవుతుంది, శ్రీకాకుళం జిల్లా వారిది 08తో. టెలికాం సేవల కోసం దేశాన్ని విడదీసిన ప్రాంతాల్లో, అంటే సర్కిళ్లలో, ఆంధ్రప్రదేశ్‌ది 'ఎ' తరగతి, ఒడిశాది 'సి' తరగతి. పెళ్లిసంబంధాలు టెక్కలిలోనూ పలాసలోనూ చూసుకునే తెలుగు కుటుంబాలకు ఈ తరగతుల సంగతి తెలియదు. బిల్లు వచ్చినప్పుడే తెలిసేది.

ప్రభుత్వ శాఖ ఒక్కటే ఫోన్లు నడిపిన రోజుల్లో ధర వెనుక ఒక సర్దుబాటు ఉండేది. నెల అద్దె, లోకల్ కాల్ ధరలు అసలు ఖర్చుకన్నా తక్కువ. ఎస్టీడీ, అంటే దూరపు కాల్ ధర, ఖర్చుకన్నా చాలా ఎక్కువ. దూరం మాట్లాడేవాడి డబ్బుతో పల్లెటూరి కనెక్షను నడిచేది. రాత్రి పదకొండు దాటాక పావు ధర అని ఎస్టీడీ బూత్ ముందు వరుస కట్టిన తరం మాది. ఆ వరుసలో నిలబడ్డవాళ్లే పక్క ఊరి లోకల్ కాల్ ఖర్చు కూడా మోస్తున్నారని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

పోటీ వస్తే మొదట పోయేది ఈ సర్దుబాటే. కొత్తగా వచ్చేవాడు నష్టం వచ్చే పల్లె లైన్ల జోలికి ఎందుకు పోతాడు? మీగడ ఉన్న చోటికే, అంటే ఎస్టీడీకే వస్తాడు. దూరపు కాల్ ధర పడిపోతే లోకల్ లైనును పోషించే డబ్బు ఉండదు. 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, 1999 టారిఫ్ ఉత్తర్వుతో ఎస్టీడీ తగ్గించి అద్దెలు పెంచడం మొదలుపెట్టింది అందుకే. మిగిలిన లోటు పూడ్చడానికి 2003లో యాక్సెస్ డెఫిసిట్ ఛార్జీ అని ఒకటి పెట్టి, ప్రైవేటు కంపెనీల నుంచి ప్రభుత్వ కంపెనీ బీఎస్ఎన్ఎల్‌కు ఇప్పించారు. 2008లో దాన్ని ఎత్తేశారు. ఈలోగా, 2006 మార్చిలో, బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నది. పర్లాకిమిడి నుంచి పాతపట్నానికీ రూపాయే, అమృత్‌సర్‌కూ రూపాయే. మాకు అది పండుగ.

ఇంతవరకు కథ అందరికీ తెలిసిందే. నాకు ముఖ్యమనిపించే మలుపు మరొకటి ఉంది, దాని గురించి తెలుగులో పెద్దగా చర్చ జరగలేదు. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. నిజానికి ఉచితం కాలేదు, కట్టేవాడు మారాడు. కాల్ చేసినవాడి కంపెనీ, అందుకున్నవాడి కంపెనీకి నిమిషానికి ఇంత అని చెల్లించాలి. దాన్నే ఇంటర్‌కనెక్ట్ ఛార్జీ అన్నారు. 2004లో అది 30 పైసలు, 2009లో 20, 2015లో 14.

సూరత్ మగ్గాల మీద పనికి వెళ్లిన కొడుకు, గంజాం జిల్లా పల్లెలో ఉన్న తల్లితో రోజుకు పది నిమిషాలు మాట్లాడతాడనుకుందాం. ఇద్దరివీ వేర్వేరు కంపెనీలు. ఆమె ఎప్పుడూ ఎవరికీ ఫోను చేయదు, మహా అయితే మిస్డ్ కాల్ ఇస్తుంది. నెలకు 300 నిమిషాలు. 30 పైసల లెక్కన ఆమె కంపెనీకి నెలకు 90 రూపాయలు, 14 పైసల లెక్కన 42 రూపాయలు వచ్చేవి. ఆమె పైసా ఖర్చు పెట్టకపోయినా కంపెనీకి ఆమె లాభసాటి ఖాతాదారే. పదేళ్లకు పైగా చిన్న టాపప్‌తో, లైఫ్‌టైమ్ సిమ్ముతో పల్లెలన్నీ ఫోను వాడగలిగాయంటే కంపెనీలకు దయ కలిగి కాదు, ఈ పైసల వల్ల.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. కాల్స్ ఉచితం అన్నది. కొత్త నెట్‌వర్కు నుంచి పాత నెట్‌వర్కులకు వెళ్లే కాల్సే ఎక్కువ కాబట్టి చెల్లింపు భారం దాని మీదే పడింది. 2017 అక్టోబరు నుంచి ట్రాయ్ ఛార్జీని 6 పైసలకు దించింది, 2021 జనవరి 1 నుంచి పూర్తిగా తీసేసింది. టవరు నిలబెట్టాక ఒక నిమిషం అదనంగా మోయడానికి ఖర్చు దాదాపు లేదన్న వాదన సాంకేతికంగా సబబే. కానీ మన గంజాం తల్లి లెక్క చూడండి: 42 రూపాయలు 18 అయింది, తర్వాత సున్నా. ఛార్జీ 6 పైసలకు దిగి ఏడాది తిరగ్గానే, 2018 చివర్లో, పాత కంపెనీలు నెలకు కనీసం 35 రూపాయల రీఛార్జి లేకపోతే ఇన్‌కమింగ్ ఆపేస్తామన్నాయి. ఈ రెంటికీ సంబంధం లేదనుకోవడం నాకు సాధ్యం కాదు. ఎదుటి కంపెనీ నుంచి తగ్గిపోయిన డబ్బును తల్లి దగ్గరే వసూలు చేయడం మొదలైంది.

ఈలోగా అమ్మేవాళ్లూ తగ్గారు. ఎయిర్‌సెల్ దివాలా తీసింది, రిలయన్స్ కమ్యూనికేషన్స్ మూతపడింది, వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. గిట్టని ధరకు అమ్మి ఎదుటివాణ్ని పడగొట్టడాన్ని అడ్డుకుంటామని 2018 ఫిబ్రవరిలో ట్రాయ్ ఇచ్చిన ఉత్తర్వులో ముఖ్య భాగాన్ని ఆ డిసెంబరులోనే టెలికాం వివాదాల ట్రిబ్యునల్ కొట్టేసింది. 2019 డిసెంబరు, 2021 నవంబరు, 2024 జులై: మూడుసార్లూ ప్రైవేటు కంపెనీలు రోజుల తేడాతో ధరలు పెంచాయి. కుమ్మక్కు అని నేననను. సంతలో మూడే దుకాణాలుంటే ఒకరి ధర ఒకరికి వినపడుతూనే ఉంటుంది.

2024 పెంపు తర్వాత ఎయిర్‌టెల్ 28 రోజుల ప్యాకు 199 రూపాయలు. ఏడాదికి పదమూడుసార్లు, మొత్తం 2,587. కొడుకు ఫోను ఎత్తడానికి మాత్రమే వాడే ఫోనుకు ఇది. డేటా ప్రపంచంలోనే చవకగా దొరికే దేశాల్లో మనదొకటని గొప్పగా చెబుతారు. నిజమే. కానీ డేటా వాడని మనిషికి జీబీ ధర ఎంతైతే ఏమిటి?

సర్కిల్ గీత చెరిగింది, రోమింగ్ పోయింది, పర్లాకిమిడికీ విశాఖకూ ఒకే ధర. బాగుంది. అయితే అదే 199 రూపాయలకు విశాఖలో దొరికే సరుకు వేరు, మహేంద్రగిరి వైపు సవర గూడేల్లో దొరికేది వేరు. కొండ మలుపు తిరిగితే సిగ్నలు ఉండదు. ధరల్లో పోటీ కొండ ఎక్కింది కానీ టవర్లలో పోటీ కొండ కిందే ఆగింది. కోరాపుట్, మల్కనగిరి వంటి చోట్ల చాలా గ్రామాలకు ముందు చేరింది, పల్లెలకు ఫోను అందించడానికి ప్రభుత్వం పెట్టిన నిధే. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో బీఎస్ఎన్ఎల్ నడిపే 2,343 టవర్లను 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022లో ఆమోదం తెలిపింది. ఆ నిధికి కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం కడతాయి. ఎస్టీడీ డబ్బుతో పల్లె లైను నడిపిన పాత సర్దుబాటే ఇప్పుడు ఇలా వేషం మార్చుకుంది. నాకు దానిమీద అభ్యంతరం లేదు, పాత వేషం కన్నా ఇది నయం. ఎవరి డబ్బు ఎక్కడికి పోతోందో కనీసం కాగితం మీద కనిపిస్తుంది.

డేటా లేని ప్యాకులు తప్పనిసరిగా ఉండాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరిలో జియో 448, ఎయిర్‌టెల్ 469 రూపాయల ప్యాకులు తెచ్చాయి, రెండూ 84 రోజులకు. రోజు లెక్కన చవకే, రోజుకు అయిదున్నర అటూ ఇటూ. ఒకేసారి 448 తీసి ఇవ్వగలిగినవారికి మాత్రమే ఆ చవక. రోజుకూలీ ఇంట్లో 84 రోజుల లెక్క ఎవరూ వేసుకోరు, వారం లెక్క వేసుకుంటారు. కంపెనీలకు ఇది తెలియనిది కాదు, ఒకప్పుడు పది రూపాయల టాపప్ అమ్మి ఊరూరా వ్యాపారం పెంచింది వాళ్లే. డేటా లేని ప్యాకు పెట్టమన్న ట్రాయ్, అది 28 రోజులకూ దొరకాలని ఒక్క వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది.