మహారాజశ్రీ ధ్యానపు దిండు గారికి

మహారాజశ్రీ దిండు గారి సముఖమునకు, వరంగల్ గిర్మాజీపేట నుండి ఒక కథారచయిత నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉన్నారని నాకు తెలుసు. ఈ రెండేళ్లలో మీ మీద ఎవరూ ఒక్క పూటైనా అరగంటకు మించి కూర్చోలేదు.

హనుమకొండ చౌరస్తాలో 1,450 రూపాయలు పోసి మిమ్మల్ని ఇంటికి తెచ్చిన నాడు మా అత్తమ్మ మీ కుట్లలో వేలు దూర్చి చూసి, "ఇండ్ల బూరుగు దూది లేదు అల్లుడా, అంత పాలిస్టరే" అన్నది. ఆమెను నేను అక్కడికక్కడే క్షమించాను. క్షమ, ప్రశాంతత, స్వీయ అంగీకారం అనే మూడు మాటలు మీ అట్టపెట్టె మీద బంగారు రంగులో అచ్చయి ఉన్నందున ఆ గుణాలు బిల్లు కట్టగానే సంక్రమిస్తాయని నేను నమ్మాను.

మిమ్మల్ని తేవడానికి కారణం ఉన్నది. నేను రాసే ప్రతి వాక్యం పక్కన చతికిలబడి మూతి విరిచేవాడొకడు ఇరవై ఏళ్లుగా నాలో అద్దె కట్టకుండా కాపురం ఉన్నాడు. వాడిని ఖాళీ చేయిస్తారని ఆశపడ్డాను. అందుకే తెల్లవారి ఐదింటికి ఫోనులో గంట మోగగానే లేచి మీ మీద కూర్చునేవాడిని. ఆలోచన వస్తే పట్టుకోవద్దనీ, తోసివేయవద్దనీ, మబ్బును చూసినట్టు చూసి వదిలేయాలనీ ఆ ఫోనులోని గొంతు మెత్తగా బోధించేది.

ఒకనాడు నిజంగానే వచ్చింది. మేడారం నుంచి తిరిగి వస్తున్న బస్సు, కిటికీ పక్కన ఒక ముసలామె, ఆమె ఒడిలో ప్రసాదంగా తెచ్చుకుంటున్న బంగారం, అంటే బెల్లం ముద్ద, దాని మీద ఒకే ఒక చీమ. ఆమె ఆ చీమతో ఏదో అన్నది. ఆ అన్న మాటే కథ. నేను క్రమశిక్షణ గల సాధకుణ్ణి కనుక దాన్ని మబ్బును చూసినట్టు చూసి వదిలేశాను. పోయింది. ఈ రెండేళ్లలో తిరిగి రాలేదు. ఏ ఊరి మీద కురిసిందో, ఏ రచయిత తడిసి ముద్దయ్యాడో తెలియదు.

బుద్ధుడికి ఇటువంటి నష్టం కలగలేదు. జ్ఞానోదయం తరువాత ఆయన కూర్చున్న చోట ఏడు రోజులు వాన పడితే ముచిలిందుడనే నాగరాజు పడగ పట్టి కాపాడాడని కథ, ఆ ముచిలిందుణ్ణి చెక్కిన రాతిపలక మన పెద్దపల్లి జిల్లా ధూళికట్టలోనే దొరికింది. మా డాబా మీద నాలుగు చినుకులు పడితే మాత్రం పడగ రాలేదు. "కండ్లు తెరువుండ్రి, బట్టలు తడుస్తున్నయ్" అన్న మా ఆవిడ కేక వచ్చింది.

నేరం మీ ఒక్కరిదే అనను. మీ మీద కూర్చోవడం చేతకాక విపశ్యన శిబిరానికి కూడా వెళ్లాను. పది రోజుల మౌనం, తెల్లవారి నాలుగింటికి గంట, తిండికీ బసకూ రుసుము లేదు. పాత సాధకుల విరాళాలతో నడుస్తుంది. వారిని వేలెత్తి చూపడానికి నాకు నోరు రాదు. అయితే అక్కడ చదవడం, రాయడం నిషేధం. ఫోను అప్పగించినప్పుడు కలగని దుఃఖం కలం అప్పగించినప్పుడు కలిగింది. మొదటి మూడు రోజులు శ్వాసను ముక్కు దగ్గర గమనించమన్నారు. నేను గమనిస్తూనే, ఎవరూ చూడకుండా తొడ మీద చూపుడు వేలితో సంభాషణలు రాసుకున్నాను. ఆ పదిరోజుల్లో నాకు పట్టుబడిన ఏకాగ్రత అదొక్కటే.

ఇక మీ అసలు ఘనకార్యం, స్వీయ అంగీకారం. అది నాకు ఎంత బాగా పట్టిందంటే, కథకు రెండో ప్రతి రాయడం మానేశాను. ముగింపు కుదరకపోతే కుదరనట్టే అంగీకరించాను. పాత్ర పేరు రెండో పేజీలో రాజయ్య, నాలుగో పేజీలో కొమురయ్య అయితే ఆ మార్పును సైతం ప్రేమతో స్వీకరించాను. సంపాదకుడు కథను తిప్పి పంపితే ఆయన ఇంకా ఆ స్థాయికి చేరలేదని జాలిపడ్డాను. మూతి విరిచే వాడు వెళ్లిపోయాడు, నిజమే. వెళుతూ వెళుతూ నా ఎర్రసిరా కలం కూడా పట్టుకుపోయాడు.

రామప్ప గుడికి వెళ్లినప్పుడు గైడు సూది మాత్రమే దూరే సన్నని రంధ్రాలను చూపించాడు. 1213 నాటి ఆ గుడిని రేచర్ల రుద్రుడు కట్టించాడు. లోపలి దైవం రామలింగేశ్వరుడు. పేరు మాత్రం శిల్పిదని జనం చెప్పుకుంటారు. ఆ శిల్పి రాయిని ఉన్నది ఉన్నట్టుగా అంగీకరించి ఉంటే పాలంపేటలో ఇవాళ మంచి రాళ్ల గుట్ట ఉండేది, యునెస్కో వారికి 2021లో గుడిని ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కించే శ్రమ తప్పేది.

మా నాన్న ఆజంజాహి మిల్లు మూతబడే దాకా అందులో నూలు వడికే మరల దగ్గర పనిచేశారు. ఆయన నా సాధనను చాలాకాలం మాట్లాడకుండా చూసి ఒకనాడు, "కండ్లు మూసుకుంటే ఎట్లరా? మిల్లుల కండ్లు మూస్తే వేలు పోతుండె" అన్నారు. వరుసగా తిరిగే కండెల మధ్య ఏ పోగు తెగిందో కంటితో పట్టి, మర ఆగకముందే వేళ్లతో అతకాలట. ఎనిమిది గంటల షిఫ్టు, చెవులు దిబ్బడేసే మోత. అప్పుడు మనసులో ఏమనుకునేవారని అడిగాను. ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. "పోగు తెగిందా లేదా అనుకుంటుంటి" అని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి లేని దారాన్ని ఒకసారి మెలిపెట్టి చూపించారు.

కాబట్టి తమకు తెలియజేయునది ఏమనగా, మిమ్మల్ని నా గది నుంచి వరండాలోని నాన్న కుర్చీకి బదిలీ చేయడమైనది. ఆయనకు నడుము నొప్పి. పాలిస్టరైనా మెత్తగానే ఉందని ఆయన అభిప్రాయం. ఒక్క మనవి. ఆ ముసలామె చీమతో ఏమన్నదో మీ పొరల్లో ఎక్కడైనా ఇరుక్కుని ఉంటే దయచేసి తెలుపగలరు.

ఫోనులో ఐదింటి గంటను మాత్రం తీసేయలేదు. అది మోగగానే నాన్న నా తలుపు తడుతున్నారు: "సైరన్ అయింది, లేవురా."

ఇట్లు,
మీ మాజీ సాధకుడు