క్యాప్ దండగ అనుకున్నందుకు

పంటి చికిత్స మీద మీరు వేసిన వ్యాసంలో రూట్ కెనాల్ (పంటి లోపల పాడైన నరం తీసేసి నింపడం) గురించి బాగానే చెప్పారు కానీ, ఆ తర్వాత పన్ను పగలకుండా పైన వేయించాల్సిన క్యాప్ (తొడుగు) సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. నేను దెబ్బతిన్నది అక్కడే. కింది దవడ పన్నుకు మూడు సిట్టింగుల్లో నరం తీసి, లోపల గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థం నింపి, పైన సిమెంట్ పెట్టారు. నొప్పి పోయింది కదా, మళ్లీ క్యాప్‌కి డబ్బులు దండగెందుకని ఊరుకున్నాను. ఏడు నెలలకి, సంక్రాంతి చేగోడీ కొరికితే టక్కుమంది. పన్ను నిలువునా చీలింది. చీలిక వేరు దాకా పోయింది కాబట్టి ఇక పీకడమే అన్నారు.

ఇప్పుడు బ్రిడ్జి (పక్క పళ్ల ఆసరాతో కట్టే కృత్రిమ పన్ను) అంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే స్క్రూ మీద పెట్టే పన్ను) అంటే ఎముక దాన్ని పట్టుకోవడానికే నెలలు పడుతుందట. పోనీ ఖాళీగా వదిలేద్దామంటే పక్క పళ్లు ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది.

ఇంకోటి. చల్లనీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గిపోతుంటే చాలాసార్లు ఫిల్లింగ్‌తోనే సరిపోతుంది, మా అమ్మాయికి అలాగే అయింది. అదే నొప్పి నిమిషాల తరబడి ఉంటే, నిద్రలోంచి లేపుతుంటే, లోపలి నరం పాడైందేమోనని అనుమానించాలి. నేను ఆ దశలో రెండు నెలలు లవంగ నూనె రాసుకుంటూ కూర్చున్నాను. నాలుక మొద్దుబారింది, అంతే.