డొమైన్ కౌలుదే, బొమ్మ సొంతం

మనవాళ్లకు స్థలాల పిచ్చి కొత్త కాదు. ఊరి చివర వెంచరు పడిందంటే ముందు బయానా ఇచ్చేసి, తర్వాత సర్వే నంబరు అడుగుతాం. ఆ అలవాటు ఇంటర్నెట్‌లోకీ పాకింది. బ్లాగులు రాసి, వెబ్‌సైట్లు కట్టి బతికే కుర్రాళ్లు రాబడి చాలక డొమైన్ పేర్ల మీద, అంటే వెబ్‌సైటు చిరునామాల మీద పడుతున్నారు. ఇవాళ వెయ్యి పెట్టి కొను, రేపు లక్షకు అమ్ము అన్నదే మంత్రం. అసలు పోలికే తప్పు. ప్లాటుకు రిజిస్ట్రేషన్ ఒక్కసారే. .కామ్ పేరుకు ఏటా కట్టాలి, ముందే కట్టేస్తానన్నా పదేళ్లకు మించి ఇవ్వరు. దాన్ని కొనుగోలు అనరు, కౌలు అంటారు. దాని బదులు సైట్లకు బొమ్మలు గీసి అమ్ముకోవడం మేలని నా వాదన.

రాబడి ఎందుకు చాలదో రాసేవాళ్లకు తెలిసిందే. సైట్లలో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్ తెలుగును గుర్తించిందే 2018లో. ఖాతాలో 100 డాలర్లు పడితే గానీ డబ్బు చేతికి రాదు. వెయ్యి వ్యూలకు అర డాలరు వస్తుందనుకుంటే ఆ వందకు రెండు లక్షల వ్యూలు కావాలి. బీమా, రుణాల లాంటి ఖరీదైన ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఎక్కువగా ఇంగ్లిష్ పదాల మీదే వేలం పాడతారు. తెలుగు పేజీకి మిగిలేది అడుగూబొడుగూ. ఇది రాసేవాడి లోపం కాదు.

అందుకని డొమైన్లా? కాగితం మీద వేసి చూద్దాం. వంద .కామ్ పేర్లు, ఒక్కోదానికి ఏడాదికి 1,100 రూపాయలు అనుకుంటే మొత్తం 1,10,000. ఏడాదిలో నూటికి ఒకటో రెండో అమ్ముడైతే గొప్ప అని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లే అంటారు. అమ్మిపెట్టే సైటు కమీషన్ 20 శాతం వేసుకోండి. ఒక్కటే అమ్ముడైతే అది 1,37,500 పలకాలి. రెండు అమ్ముడైతే ఒక్కోటీ 68,750 పలకాలి. ఇదంతా లాభం కోసం కాదు, చేతి చమురు వదలకుండా బయటపడటానికి. వచ్చే ఏడాది మళ్లీ మొదటికే.

పైగా జనం ఎగబడేది పేరున్న కంపెనీని పోలిన పేర్ల మీదే. అది నేరుగా గోతిలో దిగడమే. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కు తరహా రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. డొమైన్ తగాదాలు తేల్చే నియమాలున్నాయి, .కామ్ అయితే యూడీఆర్‌పీ కింద, .ఇన్ అయితే ఐఎన్‌డీఆర్‌పీ కింద ఫిర్యాదు వస్తుంది. ఆ కంపెనీకే ఎక్కువ ధరకు అమ్మాలని పేరు పట్టుకున్నట్టు తేలితే అదే దురుద్దేశానికి సాక్ష్యం. 'కావాలంటే కొనుక్కోండి' అని మనం పంపిన మెయిలే వాళ్ల ఫిర్యాదులో మొదటి కాగితం అవుతుంది.

డొమైన్ల పక్షాన మాట్లాడేవాళ్లు వాయిస్.కామ్ చూపిస్తారు. 2019లో అది మూడు కోట్ల డాలర్లకు అమ్ముడైన మాట నిజమే. అయితే అమ్మింది మైక్రోస్ట్రాటజీ, దశాబ్దాల కిందటే పేరు పట్టుకుని కూర్చున్న పెద్ద కంపెనీ. అంగుయిలా అనే చిన్న దీవికి, తనకు కేటాయించిన .ఏఐ పేర్ల వల్ల 2023లో దాదాపు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి, అదీ నిజమే. కానీ అంగుయిలా ఆ పేర్లు కొన్నది కాదు, కౌలుకిచ్చింది. ఈ ఆటలో భూస్వామి వైపు కుర్చీ ఖాళీ లేదు.

మీ బ్లాగుకు మీ పేరు ఒకటి ఉంచుకోండి, దాన్ని పోనివ్వకండి. .కామ్ గడువు దాటాక, పేరు ఇచ్చిన కంపెనీని బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకే తిరిగి తీసుకోవచ్చు. చాలా కంపెనీలు ఈలోపే దాన్ని వేలానికి పెట్టేస్తాయి. ఆ తర్వాత 30 రోజులు జరిమానాతో విడిపించుకోవాలి, అది వేలల్లో ఉంటుంది. చివరి 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆ తర్వాత ముందు అందుకున్నవాడిదే. పేర్లు పోయేది ఎక్కువగా డబ్బు లేక కాదు. ఖాతాలో ఇచ్చిన పాత మెయిల్ పనిచేయక హెచ్చరికలు అందవు, కార్డు గడువు తీరి ఆటో రెన్యూవల్ ఆగిపోతుంది.

ఇక బొమ్మ సంగతి. ఒక్క మధ్యాహ్నం కూర్చుని గీసిన బొమ్మ మీద కాపీరైట్ గీసినవాడి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు. రెన్యూవల్ లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ గీసేవాళ్లంతా చదవాలి. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలమో రాయకపోతే అయిదేళ్లే. ఎక్కడిదాకానో రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో ఉన్న తెలుగు క్లయింటు కాలం, ప్రాంతం లేని ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నాడంటే, అతనికి దక్కింది అయిదేళ్ల ఇండియా హక్కు మాత్రమే! పేచీలు ఉన్నాయి. ఉద్యోగంలో భాగంగా గీసింది యజమానిది. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ల మీద వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు వేయించుకున్నవాడిదే. కాబట్టి పని మొదలుపెట్టకముందే నాలుగు ముక్కలు రాసుకోవాలి. ఏ సైటుకు, ఎన్నేళ్లకు, ఎన్ని సవరణలు, అడ్వాన్సు ఎంత. ఎస్‌వీజీ, పీఎన్‌జీ బొమ్మ ఫైళ్లు ఇవ్వండి. లేయర్లున్న మూల ఫైలు ధర వేరే.

ఏ బొమ్మ అంటారా? తెలుగు అక్షరం ఉన్న బొమ్మ. ఇంగ్లిష్ ఐకాన్లు గుట్టలుగా దొరుకుతాయి. సైటు పేరునో పండగ శీర్షికనో అందంగా, తప్పు లేకుండా తెలుగులో గీసిచ్చేవాళ్లు తక్కువ. ఏఐ గీసే బొమ్మల్లో మన ఒత్తులు ఒక్కోసారి తడబడుతున్నాయి. ఫోటోషాప్‌లో, ఇలస్ట్రేటర్‌లో 'స్త్రీ' అని టైపు చేస్తే స్, త్, రీ విడివిడిగా నిలబడటం చాలామంది చూసే ఉంటారు. ఫాంటును తిట్టుకుంటారు గానీ తప్పు అక్షరాల్ని కూర్చే కంపోజర్‌ది. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ కింద 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్లో 'సౌత్ ఏషియన్' అని ఉన్న కంపోజర్ ఎంచుకుంటే అక్షరం కుదురుకుంటుంది. వరసల ఎడం ఇంగ్లిష్‌కిచ్చే 1.2 ఇస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్లో గుచ్చుకుంటాయి. 1.6 దగ్గర మొదలుపెట్టండి. లింకుతో పాటు కనిపించే బొమ్మ 1200×630 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్ ఒక్కోసారి దాన్ని చతురస్రంగా కోస్తుంది, అందుకని శీర్షిక నడిమి 630 పిక్సెళ్లలోనే పెట్టాలి. ఫైలు 300 కేబీ లోపు ఉంచితే భద్రం.

ఫాంట్లు లేవన్న సాకు ఇప్పుడు చెల్లదు. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, గిడుగు, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వాటితో చేసిన పని అమ్ముకోవచ్చు. అయినా డీటీపీ సెంటర్ల నుంచి డిజైన్ స్టూడియోల దాకా ఇంకా అనూ ఫాంట్లే. రకాలు ఎక్కువ, చేయి అలవాటైంది, ఒప్పుకుంటాను. కానీ అనూలో కొట్టింది యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే అక్షరం కాదు. కాపీ చేసి ఇంకోచోట పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి, గూగుల్‌కు అందులో తెలుగే కనపడదు. ముప్పై ఏళ్లుగా మనం కొట్టిన పెళ్లి పత్రికలు, కరపత్రాలు, చిన్న పత్రికల సంచికలు ఎన్నో అలా వెతుకులాటకు అందని ఫైళ్లుగా పడి ఉన్నాయి. ఈ భాషకు కంప్యూటర్ మీద జరిగిన నష్టాల్లో నా లెక్కన ఇదే పెద్దది. డొమైన్ల వేలంపాటలో తలమునకలైన కుర్రాడు యూనికోడ్ ఫాంట్లతో తెలుగు అక్షరాన్ని బొమ్మగా మలిచే పని నేర్చుకుంటే తనకూ తిండి, భాషకూ ఉపకారం.

పాత లోగోను పారేయనక్కర్లేదు. అనూలో చేసిందైనా అక్షరాల్ని అవుట్‌లైన్లుగా మార్చి ఎస్‌వీజీగా దాచి, దాని టైటిల్ ట్యాగులో, పేజీలో బొమ్మకు బదులు చదివించే ఆల్ట్ టెక్స్ట్‌లో అదే పేరు యూనికోడ్ తెలుగులో రాస్తే చాలు. పట్టేది అయిదు నిమిషాలు. రోజూ చదివే తెలుగు సైటు ఏదైనా తెరిచి పేజీ సోర్సు చూడండి. లోగో దగ్గర ఆల్ట్ టెక్స్ట్ ఉండాల్సిన చోట చాలాసార్లు 'లోగో ఫైనల్ 2' అని ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది.