పిల్లనిచ్చి రాజ్యం పుచ్చుకున్న బావమరిది

చిందరవందరగా ఉన్న రాజ్యాల్ని ఒక్కటి చేయాలంటే సైన్యం కావాలి, ఖజానా కావాలి అంటారు. అవన్నీ తర్వాత. ముందు పెళ్ళీడుకొచ్చిన తోబుట్టువులు కావాలి. అనుమానం ఉంటే పదో శతాబ్దపు ఇంగ్లండులో వెసెక్స్ రాజు ఎథెల్‌స్టాన్ సంసారాన్ని, అంటే తోబుట్టువుల సంసారాల్ని, పరిశీలించండి. తాను మాత్రం పెళ్ళి జోలికే పోలేదు.

925లో కిరీటం పెట్టుకున్నాడు. 926 జనవరిలో టామ్‌వర్త్‌లో, ఉత్తరాన యార్క్‌ను ఏలుతున్న వైకింగ్ (స్కాండినేవియా నుంచి వచ్చిన సముద్రయోధుల) రాజు సిట్రిక్‌కు తోబుట్టువునిచ్చి పెళ్ళి చేశాడు. మరుసటి ఏడే బావగారు కాలం చేశాడు. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళడం మర్యాద కదా! ఎథెల్‌స్టాన్ వెళ్ళాడు, సైన్యంతో సహా. చనిపోయినవాడి బంధువు గుత్‌ఫ్రిత్ వారసత్వం కోసం డబ్లిన్ నుంచి వస్తే తరిమికొట్టాడు. యార్క్ అలా ఆడపిల్ల పుట్టింటివారి ఆస్తి అయింది.

మిగతా సంబంధాలూ తక్కువేం కాదు. జర్మనీ యువరాజు ఓటో కోసం ఇద్దరు తోబుట్టువుల్ని పంపి, నచ్చినామెను చేసుకోమన్నాడు. పెళ్ళికూతుళ్ళే పెళ్ళిచూపులకు సముద్రం దాటారన్నమాట. మరో తోబుట్టువును చేసుకున్న ఫ్రాన్స్ ప్రభువు హ్యూ దగ్గర్నుంచి కన్యాశుల్కంగా పాతకాలపు చక్రవర్తి షార్లమేన్ ఈటె, క్రీస్తు ముళ్ళ కిరీటంలోని ముక్క ముట్టాయని 12వ శతాబ్దపు చరిత్రకారుడు విలియం రాశాడు. వాటి రసీదు ఎవరూ అడగలేదు.

927 జులై 12న ఉత్తరాన ఈమాంట్ అనే చోట స్కాట్‌ల రాజు కాన్‌స్టంటైన్‌తో సహా ఇరుగుపొరుగు పాలకులు వచ్చి విధేయత ప్రకటించారు. వేల్స్ రాజులు ఏటా 20 పౌన్ల బంగారం, 300 పౌన్ల వెండి, 25,000 ఎద్దులు కప్పం కట్టేవారని కూడా ఆ విలియమే అంటాడు. అన్ని ఎద్దులు ఒకేసారి దారి పడితే, ఆ దుమ్ములో సమైక్యత ఎవరికి కనబడిందో గానీ!

రాజుగారు దయామయుడు కూడా. పన్నెండేళ్ళ దొంగల్ని చంపడం మరీ అన్యాయమని మనసు కరిగి, ఆ వయసును 15కు పెంచాడు. ఎదురు తిరిగినా పారిపోయినా ఆ మినహాయింపు చెల్లదు. రాజ్యమంతా ఒకే నాణెం ఉండాలన్నాడు. దొంగ నాణేలు కొట్టినవాడి చెయ్యి నరికి, టంకశాలకే తగిలించమన్నాడు. నాణ్యతా నియంత్రణ అంటే అదీ.

ఇక తన నాణెం మీద లాటిన్‌లో 'యావత్ బ్రిటన్‌కు రాజు' అని వేయించుకున్నాడు. వెండి పెన్నీ చిన్నది. అందుకే 'రెక్స్ టో బ్రిట్' అని కుదించి చెక్కారు. బ్రిటన్ గుప్పిట్లో పట్టింది గానీ బిరుదే పెన్నీలో పట్టలేదు.

ఆ 'యావత్'లో తానూ ఉన్నానన్న సంగతి కాన్‌స్టంటైన్‌కు మింగుడుపడలేదు. 937లో గుత్‌ఫ్రిత్ కొడుకు ఓలాఫ్‌తో చేతులు కలిపి దండెత్తాడు. బ్రునన్‌బర్ దగ్గర ఎథెల్‌స్టాన్ గెలిచాడు. ఐదుగురు రాజులు, ఏడుగురు సామంతులు నేలకొరిగారని నాటి కవి పాడాడు. అంత ఘనవిజయం ఎక్కడ జరిగిందో మాత్రం చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేక కొట్టుకుంటూనే ఉన్నారు.

939 అక్టోబరులో ఎథెల్‌స్టాన్ పోయాడు. కొన్నాళ్ళకే యార్క్‌లో ఓలాఫ్ దిగాడు. తండ్రిని తరిమిన ఊళ్ళోనే కొత్త పెన్నీలు కొట్టించాడు. వాటి మీద రెక్కలు చాచిన బొంతకాకి. అది మాత్రం నాణెంలో నిండుగా పట్టింది.