240 నిమిషాలు, ఒకే ఒక్క ట్రై: ఇంగ్లండ్ రగ్బీ లీగ్ జట్టు ఎక్కడ తేలిపోయింది?

మూడు టెస్టులు, మూడు ఓటములు, మొత్తం కలిపి 70-18. 2025 అక్టోబరు 25న వెంబ్లీలో 26-6, నవంబరు 1న లివర్‌పూల్‌లో ఎవర్టన్ వాళ్ల కొత్త స్టేడియంలో 14-4, నవంబరు 8న లీడ్స్‌లోని హెడింగ్లీలో 30-8. ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోవడం వింతేమీ కాదు, డెబ్భై పాయింట్లు ఇచ్చుకోవడం కూడా ప్రపంచం మునిగిపోయే విషయం కాదు. నాకు మింగుడుపడనిది ఆ పద్దెనిమిది. అందులో ట్రై ద్వారా వచ్చినవి నాలుగే, మిగతా పద్నాలుగూ గోల్ పోస్టుల మధ్యకి తన్ని తెచ్చుకున్నవి. సొంత దేశంలో, వెంబ్లీలో అరవై వేల పైచిలుకు జనం ముందు మొదలుపెట్టి, 240 నిమిషాలు ఆడి ఇంగ్లండ్ కొట్టింది ఒకే ఒక్క ట్రై. అదీ మొదటి టెస్టు చివర్లో, ఫలితం తేలిపోయాక డారిల్ క్లార్క్ కొట్టింది. మిగతా రెండు టెస్టుల్లో సున్నా.

ఈ సిరీస్ పేరు కూడా యాషెసే. యాషెస్ అంటే మనకి క్రికెట్టే గుర్తొస్తుంది కాబట్టి రెండు ముక్కలు చెప్పుకుందాం. రగ్బీ లీగ్‌లో జట్టుకి 13 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి ఆరు ట్యాకిల్స్ అవకాశం, ఆరోసారి కూడా పట్టుబడితే బంతి అవతలివాళ్లకి ఇచ్చెయ్యాలి. బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, దానికి నాలుగు పాయింట్లు, గోల్‌కి రెండు. మనం సినిమాల్లో, వార్తల్లో ఎక్కువగా చూసే పదిహేను మంది రగ్బీ వేరు, ఇది వేరు. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు కూర్చుని విడిపోయి పెట్టుకున్న ఆట ఇది. శనివారం ఆటకి వస్తే గనిలోనో మిల్లులోనో ఆ పూట కూలి పోయేది, ఆ పోయిన కూలి ఆటగాడికి ఇవ్వాలా వద్దా అన్నదే గొడవ. సంక్రాంతి పోటీలకి పని మానుకుని బండెక్కి వచ్చే మన కృష్ణా, గుంటూరు జిల్లాల కబడ్డీ కుర్రాళ్లకి ఈ గొడవ విడమరిచి చెప్పక్కర్లేదు.

కబడ్డీ తెలిసినవాడికి ఈ ఆట ఇట్టే ఎక్కుతుంది కూడా. మొంథా తుఫాను వచ్చి వెళ్లిన ఆ వారం విజయవాడలో గ్రౌండ్లన్నీ బురద, మా భవానీపురం వైపు కుర్రాళ్లు ప్రాక్టీసు లేక షెడ్డు కింద కూర్చుంటే వెంబ్లీ మ్యాచ్ హైలైట్స్ ఫోన్‌లో పెట్టాను. మొదటి పది నిమిషాలు వాళ్ల కళ్లన్నీ పట్టు మీదే. నడుం ఎక్కడ పట్టాడు, రెండోవాడు ఎప్పుడు వచ్చి మీద పడ్డాడు, కాలు ఎలా లాక్ చేశాడు, ఇదే గోల. కాసేపయ్యాక లెఫ్ట్ కార్నర్ ఆడే కుర్రాడొకడు "వీళ్లు పట్టడం బాగానే పడుతున్నారు మాస్టారూ, బంతి చేతికొచ్చాకే ఏం చెయ్యాలో తెలీట్లేదు" అన్నాడు. ఆ సిరీస్ మీద వచ్చిన విశ్లేషణలు చాలానే చదివాను గానీ, ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

నిజంగానే ఇంగ్లండ్ పట్టులో పెద్దగా తేలిపోలేదు. రెండో టెస్టులో ఆస్ట్రేలియాని 14 దగ్గర ఆపడం చిన్న పనేం కాదు, నేథన్ క్లియరీ, కామెరాన్ మన్‌స్టర్, హ్యారీ గ్రాంట్, రీస్ వాల్ష్ ఒకే జట్టులో ఉన్నప్పుడు మరీనూ. సమస్యంతా బంతి తమ దగ్గర ఉన్నప్పుడే. నాలుగు ట్యాకిల్స్ వరకు గుద్దుకుంటూ ముందుకెళ్లడం, ఐదోదానికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, చివరికి ఎవరో ఒకరు బంతిని గాల్లోకి తన్నడం. కబడ్డీలో పాయింటన్నా తేవాలి, లేదా ఔటన్నా అవ్వాలి అన్న డూ ఆర్ డై రెయిడ్‌కి వెళ్లే ముందే ఎవరు వెళ్లాలో, ఎవరి మీదకి వెళ్లాలో తేలిపోయి ఉండాలి, గీత దాటాక ఆలోచిస్తే అయిపోయినట్టే. ఇంగ్లండ్ ప్రతిసారీ గీత దాటాకే ఆలోచించింది.

దీనికి వెంటనే వినిపించిన సమాధానం, సన్నాహం లేదు అని. ఇందులో నిజం ఉంది. 2024 నవంబరులో సమోవాతో ఆడిన రెండో టెస్టు తర్వాత ఇంగ్లండ్ పురుషుల జట్టు మళ్లీ మైదానంలో దిగింది వెంబ్లీలోనే. దాదాపు ఏడాది! మధ్యలో ఒక్క మ్యాచ్ లేదు, సిరీస్‌కి ముందు ఒక వార్మప్ కూడా లేదు. అక్కడి క్లబ్బుల పెద్ద పోటీ సూపర్ లీగ్ ఫైనల్ అక్టోబరు 11న అయింది, అందులో హల్ కేఆర్ విగాన్‌ని ఓడించింది, సరిగ్గా రెండు వారాలకి మొదటి టెస్టు. 22 ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన యాషెస్‌కి ఇదీ తయారీ.

కానీ ఈ వాదనని ఇక్కడితో వదిలేస్తే మోసపోతాం. ఎందుకంటే ఆస్ట్రేలియా కూడా ఆ ఏడాది వెంబ్లీకి ముందు ఒక్క టెస్టూ ఆడలేదు. వాళ్ల కోచ్ కెవిన్ వాల్టర్స్ అంతకు కొన్ని నెలల ముందే, మల్ మెనింగా వెళ్లిపోయాక, బాధ్యత తీసుకున్నాడు. వాళ్ల క్లబ్బుల లీగ్ ఎన్ఆర్ఎల్ ఫైనల్ అక్టోబరు 5న, అంటే వారం ముందు అయిందనుకున్నా, సగం భూగోళం చుట్టి రావాలి, చలికి అలవాటు పడాలి. కాగితం మీద చూస్తే తయారీ లేనిది ఇద్దరికీ. ఒకడు 26 కొట్టాడు, ఇంకొకడు 6.

పోనీ లీగ్ స్థాయి తేడానా? ఇది కూడా పూర్తిగా ఒప్పుకోలేను. 2023లో ఇంగ్లండ్ క్లబ్బు సెయింట్ హెలెన్స్, ఆస్ట్రేలియా క్లబ్బు పెన్రిత్‌ని వాళ్ల సొంత గడ్డ మీద 13-12తో ఓడించింది. 2024లో విగాన్ అదే పెన్రిత్‌ని 16-12తో ఓడించింది. అప్పటికి పెన్రిత్ అంటే వరసపెట్టి ఎన్ఆర్ఎల్ టైటిళ్లు కొడుతున్న జట్టు. సీజన్ మొదలవ్వకముందు జరిగే మ్యాచ్‌లు కదా, వాళ్లు పూర్తిగా సిద్ధంగా లేరు అంటారు, సరే, ఆ మేరకు తగ్గించుకుందాం. అయినా ఏడాదంతా కలిసి ఆడే ఇంగ్లండ్ క్లబ్బు ఆస్ట్రేలియా చాంపియన్ ముందు నిలబడగలిగిందన్నది మిగులుతుంది. అదే క్లబ్బుల నుంచి మంచి మంచివాళ్లని ఏరి ఇంగ్లండ్ జెర్సీ వేస్తే మాత్రం ట్రై రాదు. తేడా ఆటగాళ్ల సత్తాలో ఉందనుకుంటే ఈ లెక్క కుదరదు.

నా ఉద్దేశంలో తేడా మధ్య మెట్టులో ఉంది. ఆస్ట్రేలియాకి క్లబ్బుకీ దేశానికీ మధ్యలో స్టేట్ ఆఫ్ ఆరిజిన్ ఉంది. 1980లో మొదలైంది, న్యూసౌత్‌వేల్స్‌కీ క్వీన్స్‌లాండ్‌కీ మధ్య ఏటా మూడు మ్యాచ్‌లు, 2025లో క్వీన్స్‌లాండ్ 2-1తో గెలిచింది. క్లియరీ ఒకవైపు, మన్‌స్టర్, గ్రాంట్ అవతలివైపు. కొన్ని రోజుల క్యాంపులో కొత్తవాళ్లతో కలిసి, ఊపిరాడని వేగంలో, ఒక్క తప్పుకి మ్యాచ్ పోయే చోట ఆడటం వాళ్లకి ఏటా మూడుసార్లు జరిగే పని. రెండు వారాల్లో జట్టుగా మారడమనేది వాళ్లకి అలవాటైపోయిన విద్య. వెంబ్లీకి వచ్చిన ఆస్ట్రేలియాకి వార్మప్ అక్కర్లేకపోవడానికి కారణం అది.

ఇంగ్లండ్‌కి ఆ మెట్టు లేదు. ఉండేది, తీసేశారు. లాంకషైర్, యార్క్‌షైర్ మధ్య వార్ ఆఫ్ ద రోజెస్ ఆడేవారు, అది 2003లో ఆగిపోయింది. 2011 నుంచి 2013 దాకా సూపర్ లీగ్‌లో ఆడే విదేశీయులతో ఎగ్జైల్స్ అనే జట్టు కట్టి ఇంగ్లండ్‌తో ఆడించారు, అదీ మానేశారు. 2021లో కంబైన్డ్ నేషన్స్ ఆల్ స్టార్స్ పేరుతో మళ్లీ పెట్టారు, ఇంగ్లండ్ 26-24తో ఓడింది, 2022లో 18-4తో గెలిచింది, తర్వాత అదీ కనబడలేదు. ప్రతిసారీ ఒకటే కథ. జనం అనుకున్నంత రాలేదనో, క్లబ్బులు ఆటగాళ్లని వదలడానికి సణుగుతున్నాయనో, క్యాలెండర్‌లో ఖాళీ లేదనో వంక. ఖాళీ ఎందుకుండదు? సూపర్ లీగ్‌లో ఒక్కో జట్టు సీజన్‌లో 27 మ్యాచ్‌లు ఆడుతుంది, ఎన్ఆర్ఎల్‌లో 24. అంటే ఇంగ్లండ్ ఆటగాడు ఎక్కువే ఆడుతున్నాడు, కాకపోతే అందులో సగం మ్యాచ్‌లు ఎవరు గెలుస్తారో టాస్ వేసేటప్పుడే తెలిసిపోయేవి.

క్లబ్బుల్ని తిట్టడం తేలికే. టికెట్లు అమ్ముడుపోతేనే జీతాలిచ్చే చిన్న ఊళ్ల క్లబ్బులు వాళ్లవి, రెండు హోమ్ మ్యాచ్‌లు తగ్గించుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు. ఆ డబ్బు లెక్క తేల్చకుండా దేశభక్తి కబుర్లు చెబితే పనవ్వదు.

ఆ సిరీస్‌లో కోచ్‌గా ఉన్న షాన్ వేన్ సంగతి. 2020 ఫిబ్రవరిలో వచ్చాడు. 2022 ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో సమోవాని 60-6తో చితక్కొట్టి, అదే సమోవా చేతిలో సెమీఫైనల్లో గోల్డెన్ పాయింట్‌తో, అంటే అదనపు సమయంలో ముందు పాయింటు కొట్టినవాళ్లదే గెలుపు అన్న పద్ధతిలో, 27-26 తేడాతో ఓడిపోయాడు. 2023లో టోంగాని 3-0, 2024లో సమోవాని 2-0తో గెలిచాడు. రికార్డు చూస్తే తీసిపారెయ్యలేం. ఆయన మాటల్లో ఎప్పుడూ వినబడేది తపన, జెర్సీ గౌరవం, ఒకరి కోసం ఒకరు నిలబడటం. మంచిదే. టోంగా మీద, సమోవా మీద అది సరిపోయింది కూడా. ఆస్ట్రేలియా మీద మాత్రం తపనతో డిఫెన్స్ ఆడొచ్చు, ట్రై కొట్టలేం. ట్రైకి ఇద్దరు ముగ్గురి మధ్య ముందే కుదిరిన అవగాహన కావాలి.

ఆయన్ని గట్టిగా అడగాల్సింది జేక్ కానర్ గురించి. 2025 సూపర్ లీగ్ ఉత్తమ ఆటగాడు, మ్యాన్ ఆఫ్ స్టీల్ అవార్డు అందుకున్న లీడ్స్ ప్లేమేకర్, యాషెస్ జట్టులోనే లేడు. డిఫెన్స్‌లో బలహీనం, నోరు ఎక్కువ, రెండూ కానర్ గురించి తరచుగా వినబడేవే. ఒప్పుకుందాం. కానీ మొదటి టెస్టులో ఆట తీరు చూశాక కూడా, ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువగా దారులు తెరిచినవాడు ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నాడంటే, సెలక్షన్‌లో పట్టుదల కాస్త శ్రుతి మించినట్టే. కానర్ ఉంటే సిరీస్ గెలిచేవాళ్లని నేననను. 18 మాత్రం 18గా ఉండేది కాదు.

ఒక హెచ్చరిక ముందే వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. మార్చి 1న లాస్‌వెగాస్‌లో ఇంగ్లండ్ మహిళల జట్టు ఆస్ట్రేలియాతో ఆడి 90-4తో ఓడింది. మహిళల ఆట వేరు, వాళ్లకి దక్కే వసతులు వేరు, నిజమే, వాళ్లు ఇంకా చాలా కష్టాల్లో ఆడుతున్నారు. అయినా రెండు దేశాల ఆట వేగంలో ఎంత దూరం పెరిగిందో చెప్పడానికి అంతకంటే పెద్ద బోర్డు ఎవరూ కట్టలేరు.

మనకి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 1990 నుంచి 2014 వరకు ఆసియా క్రీడల్లో కబడ్డీ పురుషుల స్వర్ణాలు ఏడుకి ఏడూ మనవే. 2018 జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ మనల్ని 27-18తో ఓడించింది. ఆ ఇరాన్ జట్టు ఎక్కడ పదునెక్కింది? మన ప్రో కబడ్డీలో. ఫజెల్ అత్రాచలి లాంటివాళ్లు 2015 నుంచి ఇక్కడే మన రెయిడర్లని పట్టీ పట్టీ, వాళ్ల అడుగులు కంఠతా పట్టేశారు. ఇరాన్‌లో అంత గట్టి లీగ్ లేకపోయినా, గట్టి లీగ్ ఉన్నచోటికి ఆటగాళ్లని పంపి ఆ లోటు పూడ్చుకున్నారు. ఇంగ్లండ్ నుంచీ హర్బీ ఫార్న్‌వర్త్, డామ్ యంగ్, మోర్గాన్ స్మితీస్ లాంటివాళ్లు ఎన్ఆర్ఎల్‌లో ఆడుతున్నారు. కానీ లెక్క చూడండి: ఫార్న్‌వర్త్ సెంటర్, యంగ్ వింగర్, స్మితీస్ ఫార్వర్డ్. ఆటని నడిపించే హాఫ్‌లు, జార్జ్ విలియమ్స్, మైకీ లూయిస్, హ్యారీ స్మిత్, ముగ్గురూ సూపర్ లీగ్‌లోనే ఉన్నారు. విలియమ్స్ కాన్‌బెర్రాలో ఆడి వెనక్కి వచ్చేశాడు. అంటే పరిగెత్తేవాళ్లు ఆ వేగానికి అలవాటుపడ్డారు, బంతి పంచేవాళ్లు పడలేదు. సరైన సమయానికి బంతి అందకపోతే ఫార్న్‌వర్త్ ఎంతటివాడైనా ఏం చేస్తాడు?

2026 అక్టోబరులో ప్రపంచకప్, అదీ ఆస్ట్రేలియాలో, కొన్ని మ్యాచ్‌లు పాపువా న్యూగినియాలో. గ్రేట్ బ్రిటన్ పేరుతో ప్రపంచకప్ గెలిచింది 1972లో, యాషెస్ గెలిచింది 1970లో. 2017 ఫైనల్లో ఆస్ట్రేలియాని 6-0 దగ్గర ఆపిన జట్టు కూడా ఇదే. అప్పుడూ డిఫెన్స్ అద్భుతం, అప్పుడూ ట్రై సున్నా! ఎనిమిదేళ్లలో ఇద్దరు కోచ్‌లు, జట్టు నిండా కొత్త మొహాలు, జబ్బు మాత్రం అదే. అందుకే కోచ్‌ని మార్చేస్తే అంతా సర్దుకుంటుందన్న మాట నేను నమ్మను.

ఈలోగా చెయ్యగలిగింది తక్కువే, అసలేమీ లేదని కాదు. సీజన్ మధ్యలో కనీసం ఒక గట్టి మ్యాచ్ పెట్టాలి, ఎగ్జైల్స్‌తోనైనా సరే. హాఫ్‌ల జోడీ ఎవరో జూన్‌కల్లా తేల్చేసి, ఆ ఇద్దరినీ ఫుల్‌బ్యాక్‌తో కలిపి నెలకోసారైనా ఒకచోట కూర్చోబెట్టాలి. కానర్‌ని తీసుకోవాలి, నోరుంటే ఉండనివ్వండి. ఇవన్నీ చేసినా సెమీస్ దాటుతారని నాకు నమ్మకం లేదు. సిడ్నీలోనో బ్రిస్బేన్‌లోనో ఆస్ట్రేలియా ఎదురుపడితే ఓడిపోతారనే అనుకుంటున్నాను, కాకపోతే ఈసారి రెండు మూడు ట్రైలు కొట్టి ఓడిపోవచ్చు.