ప్రాసెసర్‌కు పట్టపగలు నిద్రా?

విశాఖ సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఖాళీగా కనిపించడాన్ని మించిన నేరం లేదు. పని లేకపోవచ్చు, అది ఎవరికైనా వచ్చే కష్టమే. లేనట్టు కనిపించకూడదు, అంతే. రుషికొండ ఐటీ కొండ ఎక్కినవాడికి మొదటి వారంలోనే వంటబట్టే ఈ నీతిని లినక్స్ కెర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఏళ్ల తరబడి బాహాటంగా ధిక్కరిస్తోంది. ఎవరూ నోరెత్తడం లేదు కాబట్టి ఆ బాధ్యత నేను నెత్తికెత్తుకుంటున్నాను.

అభియోగం ఇది. ప్రాసెసర్‌లో పనిచేసే ఒక్కో భాగాన్ని కోర్ అంటారు, కెర్నెల్లో ప్రతి కోర్‌కూ ఒక ఐడిల్ టాస్క్ ఉంటుంది. చేయడానికి ఏమీ మిగలనప్పుడు వచ్చి ప్రాసెసర్‌ను పడుకోబెట్టడమే దాని ఉద్యోగం. చాలదన్నట్టు 2008 జనవరిలో విడుదలైన కెర్నెల్ వెర్షన్ 2.6.24 నుంచి సీపీయూఐడిల్ అని ఏకంగా ఒక శాఖే వెలిసింది. ఆ శాఖ పనల్లా ఎంత లోతుగా పడుకోవాలో తేల్చడం. నిద్ర లోతులకు సీ అంకెలతో పేర్లు పెట్టారు, సీ1 అంటే ఊరికే కళ్లు మూసుకోవడం. అక్కడి నుంచి సీ6, సీ8, సీ10 అని దిగేకొద్దీ క్యాష్‌లు (ప్రాసెసర్ చేతికందేలా ఉంచుకునే చిన్న మెమరీలు) ఖాళీ అవుతాయి, కరెంటు కట్ అవుతుంది, లేవడం ఆలస్యమవుతుంది. స్కైలేక్ అనే ఇంటెల్ చిప్‌లకు కెర్నెల్లోని ఇంటెల్ డ్రైవర్‌లో రాసిపెట్టిన పట్టిక ప్రకారం సీ1 నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు చాలు, సీ10 నుంచి అయితే 890 పడుతుంది. పైగా సీ10లోకి దిగితే కనీసం 5000 మైక్రోసెకన్లు, అంటే 5 మిల్లీసెకన్లు, కదలకుండా ఉండాలి, లేకపోతే పడుకోవడానికీ లేవడానికీ అయిన ఖర్చు కూడా రాదు. గాజువాకలో బస్సెక్కినవాడు మద్దిలపాలెం దాకా గుర్రు పెట్టొచ్చు, హనుమంతవాక దాటాక కన్ను మూశాడా, ఎండాడ స్టాపు వెళ్లిపోయినట్టే. సరిగ్గా ఈ లెక్కే.

ఆ లెక్క వేసే అధికారిని గవర్నర్ అంటారు. మెనూ అనే గవర్నర్ తర్వాతి టైమర్ ఎప్పుడు మోగుతుందో చూస్తుంది. కీబోర్డు నొక్కేవాడు, నెట్‌వర్క్ నుంచి ఊడిపడే ప్యాకెట్ చెప్పి రారు కదా, అందుకని గత 8 నిద్రలు ఎంతెంతసేపు సాగాయో కూడా చూసి అంచనాకొస్తుంది. ఇంత ఓర్పు మన మేనేజర్లలో ఎక్కడుంది? వాళ్లకు ఒక్క కునుకు దొరికితే చాలు, అప్రైజల్ దాకా దాచుకుంటారు.

పాత రోజులు వేరు. పని ఉన్నా లేకపోయినా టైమర్ టిక్ అనే గడియారపు దెబ్బ సెకనుకు 100 నుంచి 1000 సార్లు ప్రాసెసర్‌ను తట్టి లేపేది. లేచి, ఏమీ లేదని చూసుకుని, మళ్లీ పడుకునేది. ఎంత క్రమశిక్షణ! 2007లో 2.6.21తో పనిలేని టిక్కులు ఆపేయడం మొదలుపెట్టి ఆ కాస్త భయమూ భక్తీ పోగొట్టారు.

అయితే ధర్మం పూర్తిగా నశించలేదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కెర్నెల్‌కు ఇచ్చే బూట్ లైనులో ఐడిల్=పోల్ అని రాస్తే ప్రాసెసర్ చచ్చినా పడుకోదు. పనొచ్చిందా, పనొచ్చిందా అని తనలో తనే తిరుగుతూ ఉంటుంది. పని వచ్చినప్పుడు కాస్త త్వరగా అందుకుంటుందనీ, దానికి బోలెడు కరెంటు తిని మిషన్‌ను వేడెక్కిస్తుందనీ కెర్నెల్ పత్రాలే ఒప్పుకున్నాయి. మా ఫ్లోర్‌లో ఇద్దరు ముగ్గురికి ఇదే అప్రైజల్ యథాతథంగా రాయొచ్చు, వాళ్లకు ప్రమోషన్ కూడా వచ్చింది. పైరవీకీ దారి ఉంది. ప్రాసెసర్ లేవడంలో ఎంత ఆలస్యం ఓర్చుకోగలమో ప్రోగ్రాంలు చెప్పుకునే సీపీయూ డీఎంఏ లేటెన్సీ అనే ఫైలు తెరిచి, సున్నా రాసి, మూయకుండా పట్టుకుని కూర్చుంటే చాలు. ఆ ఒక్క ప్రోగ్రాం కోసం కోర్లన్నీ జాగారం చేస్తాయి.

ఇక మా ఆఫీసు. ఉద్యోగులు ఖాళీగా ఉంటున్నారా అని కనిపెట్టడానికి యాజమాన్యం ప్రతి ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఎక్కించింది. అది 4 మిల్లీసెకన్లకోసారి లేచి మౌస్ కదిలిందా అని చూస్తుంది. దానికి విరుగుడుగా ఉద్యోగులు మౌస్‌ను దానంతటదే కదిలించే ఇంకో ప్రోగ్రాం తెచ్చుకున్నారు. కింద టీ బడ్డీ దగ్గర మా జూనియర్ కుర్రాడు, ప్రాసెసర్‌ను ఎవరు ఎన్నిసార్లు లేపుతున్నారో చూపే పవర్‌టాప్ అనే ప్రోగ్రాం తెరిచి చూపించాడు. పైవరుసలో కాపలా ప్రోగ్రాం, దాని కిందే దొంగ మౌస్. సీ10 ఎదురుగా సున్నా. "ఏటి సార్ ఇది, దీన్ని పడుకోనివ్వకుండా ఇద్దరూ కాపలా కాస్తున్నారు!" అన్నాడు. టీ తాగడానికి వచ్చినవాడి ల్యాప్‌టాప్ ఫ్యాన్ తారస్థాయిలో మోగుతోంది. ఒక్క కోర్ మేలుకున్నా చిప్ మొత్తానికి లోతు నిద్ర ఉండదు కాబట్టి, మిగతా కోర్లు కూడా అనవసరంగా ఆ జాగరణ పుణ్యంలో వాటా పొందుతున్నాయి. సీ10కి కావలసింది 5 మిల్లీసెకన్లు, మా యాజమాన్యం ఇచ్చేది 4. ఇంత సూక్ష్మంగా ఆలోచించే యాజమాన్యం దొరకడం అదృష్టం.

బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందని కుర్రాడు గొణిగాడు. చిన్నవాడు, దూరదృష్టి లేదు. 2025 అక్టోబరులో విశాఖకు గిగావాట్ స్థాయి డేటా సెంటర్ వస్తుందని గూగుల్ ప్రకటించింది. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యమే 2000 మెగావాట్లు, ఆ లెక్కన గిగావాట్ అంటే అందులో సగం. ఊరంతా ఆ స్థాయిలో మాట్లాడుతుంటే నువ్వు ల్యాప్‌టాప్‌లో మిల్లీవాట్లు ఏరుకుంటావేంట్రా అని మందలించాను.

కరెంటు బిల్లు చూసిన యాజమాన్యం మాత్రం చలించింది. భోజనం వేళ క్యాంటీన్ లైట్లు ఆర్పాలని సర్క్యులర్ ఇచ్చింది. చీకట్లో సాంబారు ఎక్కడుందో వెతుక్కుంటూ తిన్నాం. బిల్లు తగ్గలేదు. దాంతో ప్రాసెసర్లు ఎందుకు పడుకోవడం లేదో తేల్చడానికి కమిటీ వేశారు. వివరాల సేకరణకు నిన్నటి నుంచి అన్ని ల్యాప్‌టాప్‌లలో మరో ప్రోగ్రాం వచ్చి చేరింది. అది మిల్లీసెకనుకోసారి లేచి, ప్రాసెసర్ పడుకుందా లేదా అని అడుగుతుంది.